సగం హెచ్‌ఎఫ్ ఆవుకి మళ్లీ హెచ్‌ఎఫ్ సూదేనా?

పాడిగడ్డ:
నాటు ఆవుకి హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాల జాతి) వీర్యం సూదితో పుట్టిన పెయ్య ఎదకొస్తే ఏం వేయించాలి? మళ్లీ హెచ్‌ఎఫ్ అంటే పాలు పెరుగుతాయని కొందరు, చూలు నిలవదని కొందరు. ఊరికే "మా దగ్గర బాగుంది" అనకుండా కారణం చెప్పండి.

పొదుగుమాట:
మళ్లీ హెచ్‌ఎఫే. పాల దిగుబడిలో ఆవుకీ ఆవుకీ ఉండే తేడాలో సుమారు పావు వంతు జన్యువుల వల్లే. చూలు నిలవడంలో ఆ వాటా 5 శాతం లోపు. పొర్లితే, అంటే చూలు నిలవక మళ్లీ ఎదకొస్తే, రక్తాన్ని తిట్టి లాభం లేదు. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున సూది పడాలి. గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్న గొట్టం, అదే స్ట్రాని, 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. అరచేతిలో నలిపి కరిగించే చోట ఏ జాతి విత్తనమైనా ఒకటే.

నాటుపక్షం:
అన్నా, 5 శాతం నిజమే, దాన్నుంచి తేల్చిందే తప్పు. ఒక్క ఆవు రికార్డు చూసి దాని జన్యువుల్ని అంచనా కట్టడం కష్టమని ఆ అంకె అర్థం. ఒకే ఆబోతుకి వందల కూతుళ్లుంటే తేడా తేటగా బయటపడుతుంది. అమెరికాలో హోల్‌స్టీన్లను దశాబ్దాల పాటు ముఖ్యంగా పాల కోసమే ఏరారు, చూలు గుణం జారిపోయింది. 2003లో కూతుళ్ల చూలు రేటుకీ మార్కులు వేయడం మొదలెట్టాకే ఆ జారుడు ఆగింది. నార్వే వాళ్లు 1970ల నుంచే చూలునీ, పొదుగు వాపునీ ఏరికలో కలిపారు.

రక్తం లెక్కకొస్తే, మొదటి సంకరంలో ప్రతి జన్యు జతలో ఒకటి హెచ్‌ఎఫ్‌ది, ఒకటి నాటుది. సంకర బలం, అంటే వేరు జాతులు కలిసినందుకు దూడకి వచ్చే అదనపు సత్తువ, పూర్తిగా ఉంటుంది. మళ్లీ హెచ్‌ఎఫ్ వేస్తే పరాయి రక్తం 75 శాతం, సంకర బలం సగం. ఎండా గోమార్లూ తట్టుకునే నాటు వాటా పావుకి పడిపోతుంది. గోమార్లు అంటించే థైలీరియా జ్వరం ఇలాంటి వాటినే ముందు పట్టుకుంటుంది.

పాడిగడ్డ:
అయితే జెర్సీ వేయిస్తే సరిపోతుందా?

నాటుపక్షం:
సంకర బలం తగ్గదు, మూడు జాతులు కలుస్తాయి కాబట్టి. వెన్న శాతం పెరుగుతుంది, ఒళ్లు చిన్నది కాబట్టి మేత తక్కువ. కానీ చాలామంది మరిచేది ఒకటుంది: జెర్సీ కూడా పరాయి రక్తమే, మొత్తం 75 శాతమే అవుతుంది. రక్తం సగం దగ్గరే ఆపాలంటే సంకర ఆబోతు వీర్యమే దారి. అప్పుడు సంకర బలం సగమవుతుంది, అది ఒప్పుకోవాల్సిందే.

పొదుగుమాట:
అదే నేననేది! ఎటూ సగం పోయేటప్పుడు పాలన్నా రానీ.

పశువైద్యకలం:
ఇద్దరూ వదిలేసిన సంగతి, ఏ ఆబోతు అన్నది. పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్ అని 1962లో పుట్టిన హోల్‌స్టీన్ ఆబోతు, పాల జన్యువులతో పాటు ఒక ప్రాణాంతక లోపాన్నీ ప్రపంచమంతా పంచింది. ఆ లోపం ఆవులోనూ ఆబోతులోనూ దాగి ఉంటే, నిలిచిన చూళ్లలో నాలుగింట ఒకటి కడుపులోనే పోతుంది. బయటికి మాత్రం "పొర్లింది" అనే కనబడుతుంది. 2011లో జన్యు పరీక్షల ద్వారా ఆ లోపం బయటపడింది. హెచ్‌ఎఫ్ మీద హెచ్‌ఎఫ్ వేసేకొద్దీ ఇలాంటివి ఎదురుపడే అవకాశం పెరుగుతుంది.

మన ఊళ్లలో ఇంకా దగ్గరి ముప్పు, తండ్రి వీర్యమే కూతురికి పడటం. అలా పుట్టిన దూడకి 25 శాతం దగ్గరి రక్తం. స్ట్రా మీద ఆబోతు నెంబరు అచ్చేసి ఉంటుంది, ఊళ్లో సూది వేసే గోపాలమిత్రని అడిగి ఆవు కార్డు మీద రాయించండి. నెంబరు తెలియకపోతే తండ్రిది కాని జాతి వేయించడమే క్షేమం. ఆబోతు తల్లి పాల అంకె చూసి మురిసిపోవద్దు, కూతుళ్ల రికార్డు అడగండి.

పొదుగుమాట:
డాక్టరు గారూ, నెంబరు సంగతి ఒప్పుకుంటా. కానీ పచ్చిమేత ఉన్న రైతు హెచ్‌ఎఫ్ ఎందుకు మానాలి?

పశువైద్యకలం:
మానక్కర్లేదండి. రోజుకి 15 లీటర్లిచ్చే ఆవుకి లీటరుకి 400 గ్రాముల చొప్పున 6 కిలోలు, ఒంటికి ఇంకో కిలోన్నర దాణా, 25 కిలోల పచ్చిమేత, 50 గ్రాముల ఖనిజ మిశ్రమం పెట్టగలరా? వేసవిలో నీడా, ఫ్యానూ, తడీ ఇవ్వగలరా? అయితే తండ్రి కాని హెచ్‌ఎఫ్ వేయించండి. వట్టిగడ్డితో నెట్టుకొచ్చే చోట జెర్సీ గానీ, సంకర ఆబోతు గానీ. ఈనిన 60 రోజుల్లోపు ఎద వచ్చినా ఆగండి.