తయారు చేసినవారే తనిఖీ చేయవచ్చా?

చర్చ ప్రారంభించినవారు:
కొత్త నమూనా విమానానికి నియంత్రణ సంస్థ ముందుగా టైప్ సర్టిఫికెట్ (ఆ డిజైన్ భద్రతా నిబంధనలకు సరిపోతుందన్న ధ్రువపత్రం) ఇవ్వాలి. ఆ నమూనాలో తయారైన ప్రతి విమానానికీ విడిగా ఎయిర్‌వర్దినెస్ సర్టిఫికెట్ (అది ఎగరడానికి సురక్షితమన్న పత్రం) ఉండాలి. అమెరికాలో ఈ పరిశీలనలో చాలా భాగాన్ని ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ (ఎఫ్‌ఏఏ) తరఫున తయారీ సంస్థల ఉద్యోగులే చేస్తారు. 2018 అక్టోబరులో ఇండొనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో కూలిన, ఇలాగే అనుమతి పొందిన రెండు బోయింగ్ 737 మ్యాక్స్ విమానాల్లో 346 మంది మరణించారు. జీతమిచ్చే సంస్థ పనిలోనే తప్పు పట్టవలసిన ఈ పద్ధతిని రద్దు చేయాలని నా అభిప్రాయం.

మొదటి సమాధానం:
రద్దు చేస్తే ఆ పని ఎవరు చేస్తారు? ఊహించగల గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు రెక్క తట్టుకుంటుందా, సగం ద్వారాలు మూసి ఉన్నా ప్రయాణికులు 90 సెకన్లలో బయటపడగలరా అన్న పరీక్షలు కంటికి కనిపించేవి మాత్రమే. వాటి వెనుక వైరింగ్ నుంచి సాఫ్ట్‌వేర్ వరకు లెక్కలేనన్ని పత్రాలు ఉంటాయి, వాటిని లోతుగా ఎరిగినవారు ఎక్కువగా ఆ సంస్థల్లోనే ఉంటారు. పైగా తనిఖీ పనిని ఇలా అప్పగించడానికి 1958 నాటి అమెరికా విమానయాన చట్టమే వీలు కల్పించింది.

నా దృష్టిలో అసలు లోపం వేరే చోట ఉంది. మ్యాక్స్‌లో ముక్కును కిందికి దించే ఎంక్యాస్ వ్యవస్థ తోక రెక్కను ఒకసారికి 0.6 డిగ్రీలే కదుపుతుందని మొదట అనుకున్నారు. పరీక్షల తరువాత దాన్ని 2.5 డిగ్రీలకు పెంచారు. అది ఒకే సెన్సర్ మాటను నమ్మి పనిచేసేది; కూలిన రెండు విమానాల్లోనూ ఆ సెన్సర్ తప్పు చెప్పడంతో ముక్కును పదే పదే కిందికి దించింది. ఆ పెంపు ఎంత పెద్దదో ఎఫ్‌ఏఏలో నిర్ణయం తీసుకోవలసిన వారందరికీ తెలియలేదు. తెలియని దాన్ని ప్రభుత్వ ఇంజినీరైనా ఎలా ప్రశ్నిస్తాడు?

చర్చ ప్రారంభించినవారు:
తెలియకపోవడానికి కారణమే నా వాదన. చెప్పవలసినవాడు సంస్థ ఉద్యోగి. గడువు ఒత్తిడి కూడా అతని మీదే ఉంటుంది.

మరొకరు:
మీరిద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. మ్యాక్స్‌కు కొత్త టైప్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. 1967 నాటి 737 సర్టిఫికెట్‌నే సవరిస్తూ 2017లో అనుమతించారు. ఎవరు తనిఖీ చేసినా, పాత నమూనాలో మారని భాగాలకు పాత నిబంధనలే సరిపోతాయన్న వెసులుబాటు ఉండగా ప్రశ్నల పరిధి ముందే కుదించుకుపోతుంది.

మొదటి సమాధానం:
ఆ మాట ఒప్పుకుంటాను. ఉద్యోగి ఒత్తిడి సంగతి కూడా నిజమే, అందుకే 2020 డిసెంబరు చట్టం ఇలాంటి ఉద్యోగుల నియామకాన్ని ఎఫ్‌ఏఏ ఒక్కొక్కరిగా ఆమోదించాలన్నది, వారి పనిలో జోక్యాన్ని నిషేధించింది. అప్పగింత ఉండనివ్వండి; ఎంక్యాస్ వంటి కీలక వ్యవస్థల మీద చివరి సంతకం మాత్రం ఎఫ్‌ఏఏదే కావాలి.