రగ్బీలో రిఫరీకిచ్చే ఆ గౌరవం ఇంకా ఉందంటారా? చూసే ఆనందం సంగతేంటి?

పటమట పీఈటీ:

మన బెజవాడ, గుంటూరు వైపు రగ్బీ చూసేవాళ్లు తక్కువే. అయినా ఇక్కడ కొందరున్నారని తెలిసి అడుగుతున్నాను.

నేను పటమటలో ఒక స్కూల్లో పీఈటీని. కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడాను, లెఫ్ట్ కార్నర్. 2015 ప్రపంచకప్పులో జపాన్ 34-32తో దక్షిణాఫ్రికాను కొట్టిన రోజు నాకు రగ్బీ మీద మనసు పడింది. చివర్లో జపాన్ మూడు పాయింట్లు వెనకబడి ఉండగా పెనాల్టీ దొరికింది. గోల్‌కి తన్నితే స్కోరు సమం. కెప్టెన్ మైకేల్ లీచ్ తన్నించలేదు, రెండు జట్ల ఫార్వర్డ్‌లు తలలు కలిపి తోసుకునే స్క్రమ్ అడిగాడు. డ్రా వద్దు, గెలుపే కావాలని. కార్నీ హెస్కెత్ మూలన ట్రై పెట్టేశాడు, అంటే బంతిని గోల్ గీత అవతల నేలకి ఆనించాడు.

ఆ తర్వాత వరసబెట్టి మ్యాచ్‌లు చూసేలా చేసింది మాత్రం రిఫరీ దగ్గరుండే మైకు. ఎందుకు విజిల్ వేశాడో టీవీలో మనకీ వినబడుతుంది. స్క్రమ్‌లో ముందు వరసలో తోసే 120 కిలోల ప్రాప్ మొహం నిండా మట్టితో వచ్చి నిలబడి 'యెస్ సర్' అని వెనక్కి వెళ్లిపోతాడు. అడగాల్సింది ఉంటే కెప్టెన్ అడగాలి. నోరు పారేసుకుంటే పెనాల్టీ ఇంకో 10 మీటర్లు ముందుకి జరుగుతుంది. రగ్బీ వాళ్లంతా పుట్టుకతోనే పెద్దమనుషులని నేననను. 10 మీటర్లు పోతాయన్న భయంతో మొదలై, చిన్నప్పట్నుంచీ అదే అలవాటై ఉంటుంది. అందుకే నాకు ఆ రూలంటే అంత ఇష్టం.

ఇక 2023 ప్రపంచకప్ ఫైనల్, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. మనకి అర్ధరాత్రి 12:30కి మొదలైంది. న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ టాకిల్ (బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడం) దక్షిణాఫ్రికా ఆటగాడు జెస్సీ క్రీల్ తలకి తగిలింది. ముందు ఎల్లో కార్డు, అంటే పది నిమిషాలు బయట; వీడియో చూశాక రెడ్, ఇక ఆటలోకి రావడమే లేదు. పురుషుల ఫైనల్లో అదే మొదటి రెడ్ కార్డు. 15 మందికి బదులు 14 మందితో ఆడి న్యూజిలాండ్ 12-11తో ఓడిపోయింది. ఇది జన్మంతా మోయాల్సిందేనని కేన్ తర్వాత అన్నాడు గానీ, కార్డు పడ్డాక బయట కూర్చోబెట్టిన కుర్చీలోంచి లేచి గొడవ చేయలేదు. గొడవంతా బయట. రిఫరీ వేన్ బార్న్స్ 111 టెస్టులు నడిపినవాడు. ఆ మ్యాచ్‌తోనే రిటైరయ్యాడు. ఆయనకీ, ఇంట్లోవాళ్లకీ చంపుతామని బెదిరింపులు. వీడియో రిఫరీ టామ్ ఫోలీ కొన్ని వారాలకే అంతర్జాతీయ మ్యాచ్‌ల నుంచి తప్పుకున్నాడు.

అంటే ఆటగాడు నోరు మూసుకుంటున్నాడు, చూసేవాడు మూసుకోవడం లేదు. నన్ను బాధపెడుతున్నది ఇదే. మీరేమంటారు? ఈ కార్డులు, వీడియో చెకింగులు పెరిగాక మీకు చూడటంలో మునుపటి ఆనందం ఉందా?

---

కృష్ణలంక నైట్‌షిఫ్ట్:

సార్, బెదిరింపులు ఎవరు చేసినా తప్పే, అందులో రెండో మాట లేదు. ఆనందం విషయంలో మాత్రం నా కడుపుమంట చెప్తాను. అదే ఫైనల్లో న్యూజిలాండ్ ఆరన్ స్మిత్ ట్రై పెట్టాడు. మంచం మీంచి లేచి గంతులేశాను. అంతకుముందు లైనవుట్‌లో (బయటికి పోయిన బంతిని మళ్లీ లోపలికి విసిరేటప్పుడు) వాళ్ల సవేయా చేతికి తగిలి బంతి ముందుకి పడిందని, అంటే నాక్-ఆన్ అని, వీడియోలో తేల్చి ట్రై రద్దు చేశారు. క్లైమాక్స్‌లో కరెంటు పోయినట్టయింది. నిర్ణయం సరైనదే కావచ్చు, కానీ అలాంటివి పదే పదే జరిగితే ట్రై పెట్టినా అరవడానికి భయమేస్తోంది. ముందు స్క్రీన్ వంక చూసి, వీడియో రిఫరీ మాట వినడానికి రిఫరీ వేలు చెవి దగ్గరికి వెళ్లలేదని ఖాయం చేసుకుని, అప్పుడు అరుస్తున్నా.

అందుకే నేను సెవెన్స్ అనే పొట్టి రగ్బీకి మారిపోయాను. సగానికి 7 నిమిషాలు, ఏడుగురు, అంతే పెద్ద గ్రౌండు. ఫిజీ వాళ్లు ఒంటిచేత్తో పాస్‌లిస్తుంటే చూడాలి! రియో, టోక్యో రెండు ఒలింపిక్స్‌లోనూ బంగారం వాళ్లదే. పారిస్‌లో తమ స్టార్ డ్యూపాంట్ దిగాక గానీ ఫ్రాన్స్ వాళ్లను ఆపలేకపోయింది. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్ కూడా సెవెన్సే. హైదరాబాద్ హీరోస్ అని మనకో టీమ్ ఉంది, దాని కోసం అరవొచ్చు. మీ స్కూలు పిల్లలకి చూపించాలనుకుంటే దాంతో మొదలుపెట్టండి.

---

బ్రాడీపేట డాక్టర్:

పీఈటీ గారూ, కార్డుల గురించి ఒక మాట. చూసేవాళ్లకి చిరాగ్గా ఉంటుందని నాకూ తెలుసు, నేనూ చూస్తాను. కానీ తల దెబ్బల కేసులు చూసే వృత్తి నాది. ఇంగ్లండ్ 2003లో ప్రపంచకప్ గెలిచినప్పుడు స్టీవ్ థామ్సన్ హుకర్, స్క్రమ్ ముందు వరస మధ్యలో ఉండేవాడు. ఆ కప్పు గెలిచిన సంగతే తనకి గుర్తులేదని 2020లో బయటికొచ్చి చెప్పాడు. నలభై రెండేళ్లకే మతిమరుపు జబ్బు మొదలు. అది చదివాక తలకి తగిలిన టాకిల్‌కి రెడ్ కార్డు ఎక్కువైందని ఎలా అనగలం?

మధ్యేమార్గం కూడా వెతుకుతున్నారు కదా. 20 నిమిషాల రెడ్ కార్డని 2025లో యూరప్ జట్లాడే సిక్స్ నేషన్స్ టోర్నీలో పెట్టి చూశారు. తప్పు చేసినవాడు మళ్లీ రాడు, 20 నిమిషాలయ్యాక అతని బదులు ఇంకొకడు దిగుతాడు. కావాలని కొడితే మాత్రం పాత పద్ధతే, మిగతా ఆటంతా 14 మందే. నాకిది నచ్చింది. మ్యాచూ చావదు, తలకాయా దక్కుతుంది.

నైట్‌షిఫ్ట్ బాబూ, నువ్వు చెప్పిన చెకింగుల ఆలస్యం మాత్రం నిజమే. తలకి తగిలినప్పుడు ఎంతసేపైనా చూడనీ. నాక్-ఆన్ కోసం అంతంత వెనక్కి వెళ్లడం నాకూ అక్కర్లేదనిపిస్తుంది.

---

అమరావతి రోడ్ ఫ్లాంకర్:

అన్నా, పాతరోజులు బంగారం అన్న మాట మీద నాకు అస్సలు నమ్మకం లేదు. కలకత్తా కప్ తెలుసుగా? కలకత్తాలో రగ్బీ క్లబ్బు మూతపడితే, బ్యాంకులో ఉన్న వెండి రూపాయలు కరిగించి చేయించింది. మూత మీద ఏనుగు, పక్కన నాగుపాముల పిడులు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ దానికోసమే ఆడుతున్నాయి. మన రూపాయలు కరిగించిన ఆ కప్పుని 1988లో మ్యాచ్ అయిన రాత్రి తాగి ఎడిన్‌బరో వీధుల్లో బంతిలా తన్నుకుంటూ తిరిగి సొట్టలు పెట్టారు, ఇంగ్లండ్ డీన్ రిచర్డ్స్, స్కాట్లండ్ జాన్ జెఫ్రీ. రెండు జట్ల స్నేహం బాగానే ఉంది గానీ, ఇదేం మర్యాద?

ఆ రిచర్డ్సే 2009లో ఇంగ్లండ్ క్లబ్బు హార్లెక్విన్స్‌కి కోచ్. లైన్‌స్టర్‌తో మ్యాచ్‌లో ఒక ఆటగాడి నోట్లో ఉత్తుత్తి రక్తం క్యాప్సూల్ పెట్టించి, గాయమని చెప్పి, అప్పటికే బయటికెళ్లిన కిక్కర్‌ని మళ్లీ దింపారు; రక్తం కారితేనే అలా దింపనిస్తారు. బయటపడ్డాక రిచర్డ్స్‌కి మూడేళ్ల నిషేధం. 2021లో దక్షిణాఫ్రికా కోచింగ్ పెద్ద రాసీ ఎరాస్మస్ రిఫరీ నిక్ బెర్రీ తప్పుల మీద గంట వీడియో చేశాడు, అది ఇంటర్నెట్‌లోకి వచ్చింది. ఆయన్నీ రెండు నెలలు ఆట మొత్తానికి దూరం పెట్టారు. అభిమానులు ఊరికే చెడిపోలేదన్నా. పెద్ద పెద్దవాళ్లే దారి చూపించారు. బార్న్స్ ఇంటిదాకా వెళ్లిన మంటకి అగ్గిపుల్ల అక్కడే గీశారని నా అభిప్రాయం.

---

పటమట పీఈటీ:

అందరికీ ధన్యవాదాలు. ఫ్లాంకర్ తమ్ముడూ, రిచర్డ్స్ పేరు రెండు చోట్లా ఉందన్నది నా దృష్టికి రాలేదు, మంచి మాట చెప్పావు. పెద్దవాళ్లు దారి చూపించారన్నది ఒప్పుకుంటాను. అయితే వాళ్లకి శిక్ష పడింది చూడు. రిచర్డ్స్‌కి పడింది, ఎరాస్మస్‌కి పడింది. రాత్రిపూట ఫోన్‌లో బూతులు పంపేవాడి 10 మీటర్లు ఎవరు కొలుస్తారు? నా గొడవంతా ఆ ఒక్క చోటే.

స్కూల్లో నేను చేస్తున్నది చెప్తాను. కబడ్డీకి కెప్టెన్ రూలు పెట్టాను. అంపైర్‌ని కెప్టెనే అడగాలి, ఇంకెవరు అడిగినా ఎదుటి జట్టుకి ఒక పాయింటు. మొదట్లో పాయింట్లు పోగొట్టుకున్నారు. ఇప్పుడు ఏడో తరగతి అమ్మాయిల కెప్టెన్ చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి, "సార్, మా రైడర్ బోనస్ గీత దాటింది కదా, వెనక కాలు గాల్లో ఉందా లేదా?" అని అడుగుతుంది. "వెనక కాలు నేలమీదే ఉందమ్మా" అంటే వెనక్కి తిరిగి, "కాలు లేవలేదంట, పదండి" అని వాళ్లని కోర్టులోకి తీసుకుపోతుంది. అంతే, ఆట మళ్లీ నడుస్తుంది. ఆ పిల్లని చూసి నేను పడే సంతోషం ఏ ఫైనల్లోనూ పడలేదు.

ఇబ్బంది తల్లిదండ్రులతోనే. మొన్న సంక్రాంతికి ముందు వేరే ఊళ్లో టోర్నమెంటుకి తీసుకెళ్తే, ఒక తండ్రి కోర్టు గీత మీదకొచ్చి, డిగ్రీ చదివే కుర్రాడు అంపైరింగ్ చేస్తుంటే కాలర్ పట్టుకోబోయాడు. పిల్లలందరూ చూస్తున్నారు. అప్పట్నుంచీ మా గ్రౌండులో అంపైర్ చేతికి మైకు ఇస్తున్నాను. రగ్బీలో లాగే ప్రతి నిర్ణయానికీ కారణం పైకి చెప్పాలి. "రైడర్ ఎడమ చెయ్యి మధ్య గీత తాకింది, అందుకే ఔట్ కాదు." కారణం వినబడితే సగం మంది కూర్చుంటున్నారు. మిగతా సగం కోసం ఇంకా ఆలోచిస్తున్నాను, మీ దగ్గరేమైనా ఉపాయముంటే రాయండి.

నైట్‌షిఫ్ట్ గారూ, సెవెన్స్ మాట మంచిది, వచ్చే నెలలో పిల్లలకి ప్రొజెక్టర్ మీద చూపిస్తాను. తర్వాత టాకిల్ లేకుండా టచ్ రగ్బీ ఆడిద్దామని ఉంది. డాక్టర్ గారూ, పిల్లాడి తలకి దెబ్బ తగిలితే ఏమేం చూడాలో నాలుగు ముక్కలు రాస్తారా? స్టాఫ్‌రూమ్ గోడకి అంటిస్తాను, కబడ్డీకీ పనికొస్తుంది.

---

బ్రాడీపేట డాక్టర్:

తప్పకుండా. దెబ్బ తగిలాక పిల్లాడు తికమకగా చూస్తున్నా, స్కోరెంతని అడిగితే ఆలస్యంగా చెప్తున్నా, తూలుతున్నా, తలనొప్పి, వికారం, వెలుతురు పడట్లేదన్నా వెంటనే బయట కూర్చోబెట్టండి. ఆ రోజు ఇక ఆడించకూడదు, "బాగానే ఉంది సార్" అని వాడే బతిమాలినా సరే. ఒంటరిగా ఇంటికి పంపొద్దు. డాక్టర్ చూసి సరేనన్నాకే మళ్లీ గ్రౌండులోకి.

వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడుకుండిపోతున్నా, మెడ నొప్పి ఎక్కువగా ఉన్నా, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేయండి. మెడ నొప్పి అంటే ఉన్నచోటే ఉంచండి, లేపి కూర్చోబెట్టొద్దు. మీ మైకు పట్టుకునే కుర్రాడికి కూడా ఇది నేర్పండి, ముందు చూసేది అతనే.