ఒక్క సిస్టమే నెట్ అంతా గుంజుతుంటే లిమిట్ పెట్టడం తప్పా?

మేడకింద_మిర్యాలగూడ
కింద మేము, పైన తమ్ముడు వాళ్లు. 50 ఎంబీపీఎస్ ఫైబర్ ఒకటే, బిల్లు చెరి సగం. రౌటర్ మా హాల్లో ఉంది. తమ్ముడిది పెళ్లి ఫొటోగ్రఫీ. రాత్రి తొమ్మిది కాగానే వాడి సిస్టమ్ నుంచి పెళ్లి వీడియోలు హైదరాబాద్‌లోని ఎడిటర్‌కి ఎక్కడం మొదలవుతుంది. ఇక మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులో సార్ గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. మామూలుగా పింగ్ (కబురు పోయి తిరిగి రావడానికి పట్టే టైమ్) 12 మిల్లీసెకన్లు, ఆ టైమ్‌లో 900 దాటుతుంది. వాడి కేబుల్ పీకితే నిమిషంలో అంతా సాఫ్. రౌటర్‌లో వాడి సిస్టమ్‌కి లిమిట్ పెట్టాలా, ప్లాన్ పెంచాలా?

పానగల్లు_పోరడు
ప్లాన్ పెంచు అన్నా. నెలకు రెండు మూడు వందల కోసం అన్నదమ్ముల మధ్య పంచాయితీ ఎందుకు?

జడ్చర్ల_బైపాస్
వైరస్. ఫార్మాట్ కొట్టించండి.

లెక్కల_సారు
ప్లాన్ పెంచితే పోదు. లెక్క చూడండి. ఒక పెళ్లి 100 జీబీ అనుకుందాం. 50 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 6.25 మెగాబైట్లు. మొత్తం ఎక్కడానికి దాదాపు నాలుగున్నర గంటలు. ప్లాన్ 100 చేస్తే రెండుంపావు గంటలు. కానీ ఆ రెండుంపావు గంటలూ ఆ సిస్టమ్ 100కి 100 గుంజుకుంటుంది. క్లాసు అప్పుడూ పోతుంది.

అప్‌లోడ్ చేస్తుంటే డౌన్‌లోడ్ ఎందుకు చావాలి అని అడగొచ్చు. ఏది డౌన్‌లోడ్ అయినా మన వైపు నుంచి 'అందింది, అందింది' అని చిన్న చిన్న ప్యాకెట్లు పైకి పోతూ ఉండాలి. పైకి పోయే దారి నిండితే అవి రౌటర్‌లో పెళ్లి వీడియోల వెనక క్యూ కడతాయి. అందిందన్న కబురు రాకపోతే అవతలి సర్వర్ పంపడం తగ్గిస్తుంది. మీ 900 పింగ్ ఆ క్యూనే. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు.

పానగల్లు_పోరడు
సారు, నాలుగున్నర గంటలు రెండుంపావు అయితే లాభం కాదా? పదకొండుంపావుకి అయిపోతుంది కదా.

లెక్కల_సారు
క్లాసు ఎన్నింటికి బాబూ? తొమ్మిదికి. పదకొండుంపావుకి అయిపోతే ఎవరికి లాభం?

జడ్చర్ల_బైపాస్
నాదీ 50 ఎంబీ ప్లానే, డౌన్‌లోడ్ పెడితే 6 చూపిస్తుంది. అందరూ దొంగలే.

లెక్కల_సారు
ఎనిమిది బిట్లు ఒక బైట్. మీకు వచ్చేది పూర్తి స్పీడే. పైన రాశాను, చదవండి.

ఎడమకాలువ_చివర
మాది సాగర్ ఎడమ కాలువ కింద చివరి ఆయకట్టు. పైన తూము దగ్గరోడు రాత్రంతా నీళ్లు మళ్లించుకుంటే మా మడి నెర్రెలిచ్చేది. కాలువ పెంచండి అని మేము అడగలేదు. వారబందీ పెట్టమన్నాము. వంతు ఉంటే అందరికీ పారుతుంది. లిమిట్ పెట్టు తమ్మీ, ఆలోచించకు.

పానగల్లు_పోరడు
నెట్ నీళ్లు కాదు పెద్దాయనా. నీళ్లు వాడితే అయిపోతాయి. నెట్ అయిపోదు.

ఎడమకాలువ_చివర
అయిపోదా? చాలా ప్లాన్లలో నెలకు 3300 జీబీ దాటితే స్పీడ్ కోస్తారు. అది అయిపోవడం కాదా? అయినా వంతు అన్నది నీళ్లు అయిపోతాయని కాదు, కింద ఇంకొకడు ఉన్నాడని. నువ్వు ఎప్పుడైనా కాలువ గట్టు మీద పడుకుని కాపలా కాశావా?

పానగల్లు_పోరడు
ఇక్కడ కాలువ ఎవడు అడిగాడు? నేనూ తమ్ముణ్ణే. మా ఇంట్లోనూ రౌటర్ అన్న గదిలోనే. నాకు 2 ఎంబీకి బిగించాడు, ఒక్క ముక్క చెప్పలేదు. నెల రోజులు లైన్ బాగోలేదని ఆపరేటర్‌తో కొట్లాడాను. పాపం ఆ పిల్లోడు మూడుసార్లు స్తంభం ఎక్కి దిగాడు. టైమ్‌కి ఫైల్ అందక ఒక పార్టీ పోయింది. తర్వాత నవ్వుతూ చెప్పాడు మా అన్న, 'నేనే పెట్టినరా' అని. నవ్వుతూ!

మేడకింద అన్నా, నిజం చెప్పు. నువ్వు ఇప్పటికే పెట్టేశావా?

మేడకింద_మిర్యాలగూడ
మొన్న ఆదివారం 5 పెట్టాను. వాడికి చెప్పలేదు.

పానగల్లు_పోరడు
అనుకున్నా. ఇక ఇక్కడ ఏం అడుగుతున్నావు, తప్పు కాదు అనిపించుకోవడానికా?

మేడకింద_మిర్యాలగూడ
చెరి సగం అని రాశాను కానీ ఆరు నెలల నుంచి బిల్లు నేనే కడుతున్నాను. అడిగితే 'సీజన్ అయ్యాక ఇస్తానన్నా' అంటాడు. శ్రావణం పోయింది, ఇవ్వలేదు. వాడి పనికి నెట్ కావాలి, నా బిడ్డ చదువు పని కాదా? అడిగి అడిగి ఇజ్జత్ పోయి లిమిట్ పెట్టాను.

ఎడమకాలువ_చివర
మంచి పని చేశావు.

లెక్కల_సారు
బిల్లు సంగతి వేరు, దాన్ని రౌటర్‌లో తేల్చుకోకండి. 5 అంటే ఒక పెళ్లి ఎక్కడానికి 44 గంటలు పైనే. అది లిమిట్ కాదు, కక్ష. అప్‌లోడ్‌కి 40 పెట్టండి, మిగిలిన 10తో అమ్మాయి క్లాసు హాయిగా నడుస్తుంది. క్యూ పుట్టకుండా ఉండాలంటే లైన్ నిండా వాడనివ్వకూడదు, అంతే. ఎస్‌క్యూఎం, అంటే క్యూని తెలివిగా నడిపే సెట్టింగ్, ఉన్న రౌటర్ అయితే ఇంకా మేలు, ఎవరికీ ప్రత్యేకంగా బిగించనక్కర్లేదు. లైన్ స్పీడ్ కంటే కాస్త తక్కువ అంకె ఇస్తే వీడియో కాల్ ప్యాకెట్లను పెద్ద ఫైళ్ల వెనక నిలబెట్టదు.

ఇంకోటి. పెట్టేముందు తమ్ముడి సిస్టమ్‌లో టాస్క్ మేనేజర్ నుంచి రిసోర్స్ మానిటర్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్ చూడండి. ఏ ప్రోగ్రామ్ ఎంత పంపుతుందో తెలుస్తుంది. అన్నీ పెళ్లి వీడియోలే అని ఇప్పుడే అనుకోవద్దు.

జడ్చర్ల_బైపాస్
నేను మొదట్నుంచి అదే చెప్తున్నా. వైరస్.

మేడకింద_మిర్యాలగూడ
నిన్న రాత్రి పైకి వెళ్లి చెప్పాను. మొహం మాడ్చుకున్నాడు. రెండు రోజులుగా ఆపరేటర్‌కి ఫోన్లు కొడుతున్నాడట, నేను కింద నుంచి వింటూనే ఉన్నాను. తర్వాత ఇద్దరం కూర్చుని సారు చెప్పింది తెరిచి చూశాం. వైరస్ లేదు. కానీ ఎడిటర్‌కి పంపే ప్రోగ్రామ్‌తో పాటు బ్యాకప్ యాప్ కూడా అదే ఫోల్డర్‌ని క్లౌడ్‌కి ఎక్కిస్తోంది. ఒకే పెళ్లి రెండుసార్లు. అలా ఎప్పుడు పెట్టాడో వాడికీ గుర్తులేదు. బ్యాకప్‌ని అర్ధరాత్రి తర్వాతకి మార్చాడు, నేను లిమిట్ 40కి పెంచాను. క్లాసు టైమ్‌లో పింగ్ 25, 30 దగ్గర ఉంది.

బిల్లు మాట వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. లేచేటప్పుడు మాత్రం రౌటర్ పాస్‌వర్డ్ తనకూ ఇమ్మన్నాడు. చూద్దాం అని కిందికి వచ్చాను.

పానగల్లు_పోరడు
ఇచ్చెయ్ అన్నా.

ఎడమకాలువ_చివర
తూము తాళం ఎవడైనా ఇస్తాడా?