డబ్బు కట్టాను, సైట్‌లో ఫైల్ దిగుతోంది, ఏపీఐతో మాత్రం 400 వస్తోంది (డేటా మార్కెట్‌ప్లేస్ డౌన్‌లోడ్)

ప్రశ్న:

అందరికీ నమస్తే. ఓషన్ ప్రోటోకాల్ వీ4 (డేటా కొనుగోలు, అమ్మకాలకి బ్లాక్‌చెయిన్ వ్యవస్థ) మీద నడిచే ఒక మార్కెట్‌ప్లేస్‌లో డేటాసెట్ కొన్నాను. వాళ్ల సైట్‌లో బటన్ నొక్కితే ఫైల్ చక్కగా దిగుతోంది. కానీ నాకు కావాల్సింది రోజూ రాత్రి ఒక పైథాన్ స్క్రిప్ట్ తనంతట తానే తెచ్చుకోవడం. అందుకని ప్రొవైడర్ (ఫైల్ ఇచ్చే సర్వర్) డౌన్‌లోడ్ ఏపీఐకి డీఐడీ (డేటాసెట్ గుర్తింపు), సర్వీస్ ఐడీ, ఫైల్ ఇండెక్స్ 0, వాలెట్ అడ్రస్, ట్రాన్సాక్షన్ హ్యాష్ (కొనుగోలు లావాదేవీ గుర్తింపు), నాన్స్ (ప్రతి రిక్వెస్ట్‌కీ పెరిగే నంబరు), ప్రైవేట్ కీతో చేసిన సంతకం అన్నీ పంపుతున్నా. ప్రతిసారీ 400 (రిక్వెస్ట్ తప్పనే ఎర్రర్) ఇచ్చి సంతకం చెల్లదంటోంది. అదే వాలెట్, అదే ప్రైవేట్ కీ. నాన్స్‌కి పైథాన్ టైమ్‌స్టాంప్‌లో దశాంశాలు తీసేసి వాడుతున్నా. ఆర్డర్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది, మళ్లీ కొనాలా?

జవాబు:

ఏ హ్యాష్ పంపుతున్నారు? కొనేటప్పుడు వాలెట్‌లో వరసగా రెండు మూడు ట్రాన్సాక్షన్లు పడతాయి: అప్రూవ్ (డబ్బు తీసుకోవడానికి అనుమతి), డేటాటోకెన్ (ఫైల్ పొందే హక్కుకి టోకెన్) కొనుగోలు, ఆ తర్వాత స్టార్ట్ఆర్డర్ (ఆ టోకెన్ ఇచ్చి ఆర్డర్ పెట్టడం). మీరు మొదటిది కాపీ చేసి ఉంటారు. తేలకపోతే కొత్తగా ఒకటి కొని చూడండి, ఒక డేటాటోకెనే కదా.

జవాబు:

కొనకండి, ఆగండి. పైన చెప్పిన హ్యాష్ మాట నిజమే. ఆర్డర్‌స్టార్టెడ్ ఈవెంట్ ఉన్న ట్రాన్సాక్షన్ హ్యాషే పంపాలి, బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (చెయిన్ రికార్డులు చూపే సైట్) లాగ్స్ తెరిస్తే కనిపిస్తుంది. కానీ మీకు వచ్చే మాట ఆర్డర్ గురించి కాదు, సంతకం గురించి. ఎన్ని టోకెన్లు కొన్నా ఇది పోదు.

ముందు ఒక సంగతి తెలిస్తే మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి. ఫైల్ బ్లాక్‌చెయిన్ మీద ఉండదు. చెయిన్ మీద ఉండేది డేటా ఎన్ఎఫ్‌టీ (డేటాసెట్ యాజమాన్యాన్ని చూపే టోకెన్), డేటాటోకెన్, ఎవరు ఎప్పుడు ఆర్డర్ చేశారన్న రికార్డు. ఫైల్ అసలు చిరునామాని ఎన్‌క్రిప్ట్ చేసి డీడీఓ అనే మెటాడేటాలో పెడతారు, దాన్ని విప్పగలిగేది ప్రొవైడర్ సర్వర్ ఒక్కటే. అది గుమ్మం దగ్గర కాపలా మనిషిలాంటిది, లోపలికెళ్లి ఫైల్ తెచ్చి మీ చేతికిస్తుంది, అసలు చిరునామా మాత్రం చెప్పదు. ఇచ్చేముందు చూసేవి: ఈ వాలెట్ నిజంగా మీదేనా (సంతకం), ఇది పాత రిక్వెస్ట్ కాదు కదా (నాన్స్), మీ పేరు మీద చెల్లే ఆర్డర్ ఉందా (హ్యాష్). మీరు మొదటి రెండింటిలోనే ఎక్కడో ఆగిపోతున్నారు.

నా అనుమానం నాన్స్ మీద. ప్రొవైడర్ ప్రతి వాలెట్‌కీ చివరగా వచ్చిన నాన్స్‌ని గుర్తుపెట్టుకుంటుంది, కొత్తది దానికంటే పెద్దదై తీరాలి. జావాస్క్రిప్ట్ టైమ్‌ని మిల్లీసెకన్లలో ఇస్తుంది, అంటే 13 అంకెలు. పైథాన్‌లో మీరు తీసుకునేది సెకన్లు, 10 అంకెలు. సైట్ ఒక్కసారి 13 అంకెల నాన్స్ పంపి ఉంటే చాలు, మీ సెకన్లు దాన్ని ఎన్నటికీ దాటలేవు. ఊహించడం ఎందుకు, ప్రొవైడర్‌కి నాన్స్ అడిగే ఎండ్‌పాయింట్ (ఏపీఐ చిరునామా) ఉంది, మీ అడ్రస్ ఇచ్చి అడగండి.

అడిగినవారు:

అడిగాను, 13 అంకెల నంబరే వచ్చింది. సెకన్లని 1000తో గుణించి పంపాను. ఎర్రర్‌లో నాన్స్ ప్రస్తావన పోయింది, కానీ సంతకం చెల్లదన్న మాట అలాగే ఉంది. డీఐడీ పక్కన నాన్స్ చేర్చి, కెక్కాక్ హ్యాష్ తీసి, ఆ హ్యాష్ మీదే సంతకం చేస్తున్నా.

జవాబు:

హ్యాష్‌ని ఏ రూపంలో ఇస్తున్నారు? 0ఎక్స్‌తో మొదలయ్యే స్ట్రింగ్‌గానా, బైట్లుగానా?

అడిగినవారు:

స్ట్రింగ్‌గా. సంతకానికి మెసేజ్ సిద్ధం చేసే పైథాన్ ఫంక్షన్ ఎన్‌కోడ్‌డీఫంక్ట్‌కి టెక్స్ట్ అని చెప్పి ఇచ్చాను.

జవాబు:

దొరికింది. వాలెట్ సంతకం చేసేముందు ఇథీరియమ్ వాళ్ల ముందుమాట ఒకటి చేరుతుంది, అందులో మెసేజ్ పొడవు కూడా రాసి ఉంటుంది. హ్యాష్ బైట్లుగా ఇస్తే పొడవు 32. మీరు 0ఎక్స్‌తో కలిపి అక్షరాలుగా ఇచ్చారు కాబట్టి 66 అయింది. సంతకం దానికది సరైనదే, కానీ ప్రొవైడర్ దాన్నుంచి వాలెట్‌ని తిరిగి లెక్కగడితే ఎవరిదో తెలియని అడ్రస్ వస్తుంది, మీ అడ్రస్‌తో పోల్చి కాదంటుంది. టెక్స్ట్ బదులు ప్రిమిటివ్ అని చెప్పి బైట్లు ఇవ్వండి. డీఐడీకీ నాన్స్‌కీ మధ్య ఖాళీ గానీ కామా గానీ ఉండకూడదు. సంతకంలో వాడిన నాన్స్, రిక్వెస్ట్‌లో పంపే నాన్స్ ఒకటే కావాలి. చాలామంది టైమ్‌ని రెండుచోట్లా విడివిడిగా అడుగుతారు, అక్కడే తేడా కొడుతుంది, ఒక్కసారి తీసుకుని వేరియబుల్‌లో పెట్టుకోండి.

పంపేముందు మీ మెషీన్‌లోనే రికవర్ మెసేజ్ (సంతకం నుంచి అడ్రస్ లెక్కగట్టే ఫంక్షన్) నడిపి మీ అడ్రస్ వస్తోందో లేదో చూసుకోండి. రాకపోతే ప్రొవైడర్‌ని అడిగి లాభం లేదు.

అడిగినవారు:

వచ్చేసింది! చాలా థాంక్స్ అండి. ఒక అనుమానం, పనిచేసిన ఆ లింక్‌నే బ్రౌజర్‌లో పేస్ట్ చేస్తే మళ్లీ 400 వస్తోంది, అది మామూలేనా?

ఇంకొకరు:

మామూలే, అలా రావడమే మంచిది. సంతకం లింక్‌లోనే ఉంటుంది కదా, ఆ లింక్ ఏ లాగ్ ఫైల్‌లోనో మిగిలిపోయినా నాన్స్ అయిపోయింది కాబట్టి ఇంకొకరు వాడుకోలేరు. స్క్రిప్ట్‌లో రీట్రై పెట్టేటప్పుడు మాత్రం ప్రతిసారీ కొత్త నాన్స్, కొత్త సంతకం తయారవ్వాలి. పాత యూఆర్ఎల్‌నే మళ్లీ మళ్లీ కొట్టే రీట్రై లైబ్రరీలు ఇక్కడ పనికిరావు.

ప్రైవేట్ కీని కోడ్‌లో రాయకండి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టండి. అది ఏ ఏపీఐకీ పంపాల్సిన పని లేదు, ఎవరైనా అడిగితే అక్కడితో ఆపేయండి. ఇలాంటి స్క్రిప్ట్‌కి వేరే చిన్న వాలెట్ ఉంటే ఇంకా మేలు, కాకపోతే ఆర్డర్ ఆ వాలెట్ పేరు మీదే ఉండాలి.

అడిగినవారు:

సరేనండి. చివరిగా ఒకటి, డీడీఓలో టైమవుట్ 86400 అని ఉంది. అంటే రేపు మళ్లీ కట్టాలా?

జవాబు:

అది సెకన్లలో, అంటే ఒక రోజు. 0 అని ఉంటే గడువు లేదని. మీకు ఆర్డర్ చేసిన క్షణం నుంచి ఒక రోజు, ఆ లోపు అదే హ్యాష్‌తో ఎన్నిసార్లైనా తెచ్చుకోవచ్చు, దాటితే కొత్త డేటాటోకెన్‌తో కొత్త ఆర్డరే. దీన్నీ ప్రొవైడర్ ఫీజునీ కలపకండి, ఆ ఫీజుకి విడిగా గడువు ఉంటుంది. ఆర్డర్ బతికుండి ఫీజు గడువు ఒక్కటే తీరితే రీయూజ్ఆర్డర్ ఫంక్షన్‌తో ఆ ఫీజు మాత్రం కడితే సరిపోతుంది.

మీరు రోజూ రాత్రి నడుపుతామంటున్నారు కాబట్టి ఒక రోజు గడువుతో ఇది రోజూ కొనుగోలే అవుతుంది, పబ్లిషర్‌ని గడువు పెంచమని అడిగి చూడండి. స్క్రిప్ట్ మొదట ఇనిషియలైజ్ ఎండ్‌పాయింట్‌కి పాత హ్యాష్ పంపాలి. ఆర్డర్ ఇంకా చెల్లుతుంటే జవాబులో అదే తిరిగి వస్తుంది, అప్పుడు డౌన్‌లోడ్‌కి వెళ్లాలి. చెల్లకపోతే తనంతట తాను కొనకుండా ఆగి మీకు మెసేజ్ పెట్టేలా రాయండి. కొనే రోజున కూడా ముందు ఫైల్‌ఇన్ఫో (ఫైల్ అందుబాటులో ఉందో చెప్పే ఎండ్‌పాయింట్) అడగండి, పబ్లిషర్ ఫైల్ పెట్టిన సర్వర్ పడిపోయి ఉంటే అక్కడే తెలుస్తుంది, టోకెన్ ఖర్చయ్యాక కాదు.