ఈ వారం సమస్యాపూరణం: చెట్టు పేరు పెట్టి చెట్టుఁ గొట్టె

నిర్వాహకుడు

మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి:

*చెట్టు పేరు పెట్టి చెట్టుఁ గొట్టె*

సందర్భం చెబుతాను. మా ఇంట మనవడు పుట్టాడు. స్వాతి నక్షత్రం, రెండో పాదం. రూ, రే, రో, తా అనే నాలుగక్షరాల్లో వాడి వంతుకు 'రే' వచ్చింది. పురోహితుడు ఫోనులో ఆ అక్షరం చెప్పీ చెప్పకముందే కోడలు "రేల" అంది. వాళ్ల పుట్టిల్లు ఆదిలాబాదు వైపు. ఎండలు ముదిరే వేళకు అక్కడి అడవి అంచుల్లో రేల చెట్టుకు ఆకు కనబడదు, నిలువెల్లా పసుపుపచ్చని గుత్తులు వేలాడుతుంటాయి.

పెద్దలు ఒప్పుకోలేదు. "రేలకాయ గుజ్జు విరేచనాలకు ఇచ్చే మందు, ఆ పేరేమిటి?" అన్నారు మా వదినగారు. ఆడపిల్ల పేరులా ఉందని ఇంకొకరు. రేవంత్ ఉండగా ఇదేమిటని మరొకరు.

నాకు తోచింది ఇది. రావి, మర్రి, వేముల, తుమ్మల, చింతల, మామిడి అని మన ఇంటిపేర్లలోనే ఒక తోపు ఉంది. ఇంటిపేరులో లేని నామోషీ సొంత పేరు దగ్గర ఎందుకు రావాలి? మగపిల్లలకు చెట్ల పేర్లంటే అశోక్, చందన్, వేణు దగ్గర ఆగిపోయాం. వేణువంటే వెదురని ఆ పేరుగలవారికే చాలామందికి గుర్తు లేదు.

ఒక్క నియమం. పద్యంలో ఏదో ఒక చెట్టు దాని పేరుతో రావాలి. వట్టి 'చెట్టు' అంటే చాలదు.

ఏటిగట్టు

పచ్చదనము మీద ప్రాణమ్ము నిలిపెద
ననుచుఁ బలికె తండ్రి, నామకరణ
మైన మరుదినమున మడిగెల కోసమై
చెట్టు పేరు పెట్టి చెట్టుఁ గొట్టె

నిర్వాహకుడు

ఏటిగట్టు గారూ, మొదటి పూరణ మీదే. నడక సాఫీగా ఉంది, యతులన్నీ (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) సరిపోయాయి. 'మడిగెల కోసమై' (దుకాణాల కోసం) అన్న చోట ఊరి నడిబజారు కళ్లకు కట్టింది. కాని నియమం దాటారు. కొట్టిన చెట్టేది, పెట్టిన పేరేది? వేపా, కానుగా, నిద్రగన్నేరా? పేరు చెప్పి ఉంటే ఆ దెబ్బ మాకూ తగిలేది. పచ్చదనం మీద ప్రాణం నిలుపుతానన్న తండ్రిని మీరు తప్పుపట్టారు, ఆ పచ్చదనాన్ని మాత్రం మీరూ ఆయనలాగే దూరం నుంచి చూశారు.

పాలపిట్ట

కుంతి యర్జునుఁడని కూర్మి సుతునిఁ బిల్చె
మేనయల్లుఁ డచట మీఁగడఁ దిని
రోలు నీడ్చి మద్ది రూపు మాపె నపుడు
చెట్టు పేరు పెట్టి చెట్టుఁ గొట్టె

నిర్వాహకుడు

యమళార్జున భంజనం, అంటే రోటికి కట్టిన బాలకృష్ణుడు జంట మద్దులను కూల్చిన కథ, ఎవరైనా తెస్తారనుకున్నాను, పాలపిట్ట గారు తెచ్చారు. నారదుడి శాపంతో మద్దులై నిలిచిన నలకూబర మణిగ్రీవులకు కృష్ణుడి చేతిలో విముక్తి. అర్జునమంటే తెలుపు. బెరడు తెల్లగా ఉంటుంది కనుక తెల్లమద్దికి ఆ పేరు, తెల్లని కీర్తి గలవాడు కనుక పాండవ మధ్యముడికి ఆ పేరు. పైగా నక్షత్ర వృక్షాల లెక్కలో స్వాతికి చెప్పేది మద్దినే. మా వాడి నక్షత్రమే మీ పద్యంలోకి వచ్చినందుకు సంతోషం.

చిక్కు వ్యాకరణంలో ఉంది. 'పెట్టి' క్త్వార్థకం, అంటే ఒక పని చేసి తరువాత ఇంకోటి చేశాడని చెప్పే క్రియారూపం. పెట్టినవాడూ కొట్టినవాడూ ఒకరే కావాలి. మీ పద్యంలో పేరు పెట్టింది కుంతి, కూల్చింది కృష్ణుడు. కర్తను ఒక్కరిని చేస్తే ఇలా ఉండవచ్చు:

రోటఁ గట్ట మద్ది రూపుమాపిన వాఁడె
రథము నడిపి నాఁడు రణమునందు
నర్జునా యటంచు నాప్తునిఁ బిలిచెను
చెట్టు పేరు పెట్టి చెట్టుఁ గొట్టె

వెన్నెలవాన

అయ్యా, మీ సవరణలో కర్త ఒక్కడయ్యాడు కాని కాలం తలకిందులైంది. క్త్వార్థకం ముందు జరిగిన పనిని చెబుతుంది. మద్దులు కూలింది వ్రేపల్లెలో పసితనాన. 'అర్జునా' అని పిలిచింది కురుక్షేత్రంలో. పేరు పెట్టి కొట్టలేదు, కొట్టి పేరు పెట్టాడు.

నిర్వాహకుడు

నిజమే. నా సవరణ నిలవదు, వెనక్కు తీసుకుంటున్నాను. పాలపిట్ట గారి ఊహ మంచిదే, ఈ పాదం దానికి లొంగదు.

వెన్నెలవాన

నా పూరణ:

వేణువనుచుఁ బిలిచి వెదురుపొదకు వెళ్లి
యొక్క గడను బట్టి యూదఁ దలఁచి
మురళి చేయఁబూని ముద్దుల సుతునకై
చెట్టు పేరు పెట్టి చెట్టుఁ గొట్టె

నిర్వాహకుడు

కొట్టడాన్ని పాట చేసిన మలుపు బాగుంది. 'వేణువనుచుఁ బిలిచి' అన్నాక మళ్లీ 'పేరు పెట్టి' పునరుక్తి. ఇంకో అభ్యంతరం వృక్షశాస్త్రానిది: వెదురు గడ్డిజాతి. 2017లో అటవీ చట్టాన్ని సవరించి చెట్టు నిర్వచనం నుంచి వెదురును తొలగించారు కూడా. పద్యానికి చట్టం అడ్డు రాదు కనుక దాన్ని దోషంగా లెక్కించను.

కొండమల్లె

డాలస్ నుంచి నమస్కారం. పద్యాలు రాయడం ఈమధ్యే మొదలుపెట్టాను, తప్పులు చెప్పండి.

దేవదారు పేరు తెచ్చి పాపని కిడి
మంచు పండుగనుచు మాటఁ గలిపి
పిల్లవాని కొరకు నట్టింట నిలుపఁగఁ
జెట్టు పేరు పెట్టి చెట్టుఁ గొట్టె

నిర్వాహకుడు

అమ్మా, గణాలన్నీ కుదిరాయి. మొదట్లోనే గణం తప్పకపోవడం చిన్న విషయం కాదు. మూడో పాదంలో యతి తప్పింది: 'పి'కి 'న' కలవదు. పకారానికి వకారం మిత్రమే కనుక ఇలా మార్చుకోవచ్చు: *పిల్లవాని కొరకు వెలుఁగులఁ గట్టఁగ.* దీపాలు కట్టడమూ పద్యంలోకి వస్తుంది.

ఇక చెట్టు. మీ దగ్గర డిసెంబరులో కొట్టి తెచ్చేది ఫర్, పైన్ జాతులు. దేవదారు హిమాలయాలది. అయితే మీకు తెలిసి రాశారో లేదో, మీరు పట్టుకున్న చెట్టు మామూలుది కాదు. కాళిదాసు రఘువంశం రెండో సర్గలో సింహం దిలీప మహారాజుకు ఒక దేవదారును చూపిస్తుంది. శివుడు దాన్ని కొడుకుగా చేసుకున్నాడు. పార్వతి బంగారు కుండలతో నీళ్లు పోసి పెంచింది. ఏనుగు ఒళ్లు రుద్దుకుంటే బెరడు ఊడిందని, కన్నకొడుకు కుమారస్వామికి గాయమైనట్టు ఆమె బాధపడింది. ఆ చెట్టుకు కాపలాగా పెట్టిందే ఈ సింహం. కొడుకుకు చెట్టు పేరు పెట్టడం గురించి మనం మాట్లాడుకుంటున్నాం, అక్కడ చెట్టే కొడుకు. ఆ కథ మీద ఇంకో పద్యం రాయండి, వచ్చే వారమైనా సరే.

గడ్డివాము

మాది పాలమూరు వైపు. మూడేళ్లు సాగు లేక వదిలేసిన చెలకలో సర్కారు తుమ్మ అల్లుకుపోయింది. నిరుడు కొట్టించాను. దాని కింద కనబడినదే ఈ పద్యం.

తుమ్మ ముసరి యున్న దుక్కిలో మోదుగ
మొలక సొక్కి యుండె; మూలఁ జూచి
కొడుకు బ్రతుకుఁ దలఁచి కోరి మోదుగ యను
చెట్టు పేరు పెట్టి చెట్టుఁ గొట్టె

నిర్వాహకుడు

ఈ పద్యం నాలుగుసార్లు చదివాను. ఒకే పాదంలో రెండు చెట్లు వేరువేరయ్యాయి. 'మోదుగ యను' అని మూడో పాదం ముగియగానే మొదటి 'చెట్టు' మోదుగతో అతుక్కుంది. రెండో 'చెట్టు'కు మిగిలింది తుమ్మ ఒక్కటే. సమస్యలోని వైరుధ్యం ఎక్కడా లాగినట్టు లేకుండా విడిపోయింది. కొట్టిందీ పేరు పెట్టిందీ ఒకే ప్రేమతో.

ఒక్క మాట మార్చండి. దుక్కి అంటే దున్నిన నేల. తుమ్మ ముసిరిన చోట దుక్కి ఉండదు. 'దొడ్డిలో' అంటే యతికీ సరిపోతుంది.

పాలపిట్ట

తుమ్మ మొదటి పాదంలో, దాన్ని కొట్టడం నాలుగో పాదంలో. దూరాన్వయం (కలిసి ఉండాల్సిన మాటలు దూరమవడం) కాదా? ఇంకో సందేహం పేరు మీద. రూపయౌవనాలున్నా చదువు లేనివారు వాసన లేని మోదుగ పూలవంటివారని సుభాషితం. తెలిసి తెలిసి కొడుకుకు ఆ పేరు పెడతారా?

గడ్డివాము

సుభాషితం నేనూ చదువుకున్నాను. అది రాసినాయన పువ్వును ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడేమో. మాఘం వెళ్లేసరికి తెల్లవారుజామున మోదుగ కింద నిలబడండి. కొమ్మకు ఒక్క ఆకుండదు. పువ్వు చిలుక ముక్కులా వంగి, మొదట నల్లని ముఖమల్ తొడిమతో ఉంటుంది. తేనెపిట్టలూ మైనాలూ చిలుకలూ గుంపులు గుంపులుగా వచ్చి వాలతాయి. వాటికి వాసన అక్కరలేదు, తేనె కావాలి. 'కింశుకం' అంటే 'చిలుకా ఏమి?' అని, ఆ పేరు పెట్టినవాడు చెట్టును చూసి పెట్టాడు. హోలీకి మా చిన్నప్పుడు ఈ పూలనే ఉడకబెట్టి రంగు తీసేవాళ్లం. ఆకు విస్తరి అవుతుంది, కొమ్మ మీద లక్క పురుగు బతుకుతుంది. ఉపనయనంలో వటువు చేతికిచ్చే దండం కూడా మోదుగదే. చదువు మొదలుపెట్టే పిల్లవాడి చేతిలో ఉండే చెట్టు చదువుకు పనికిరానిదెలా అవుతుంది?

పద్యంలో దుక్కిని దొడ్డి చేశాను. సరిగ్గా ఉంది.

నిర్వాహకుడు

ఉపనయనం మాటకు నా దగ్గర జవాబు లేదు, ఉండాలనీ లేదు. దూరాన్వయం సంగతికి వస్తే, 'ముసరి' అన్న మాట తుమ్మను పద్యం చివరిదాకా కళ్ల ముందు నిలబెట్టింది. నాకు దోషం కనిపించలేదు.

ఈ సందర్భంలో ఒక మాట. తమాల్, కదంబ్, కోవిదార్ అని నిఘంటువులోంచి ఏరి పెట్టే పేర్లు ఈమధ్య చాలా వింటున్నాను. తప్పేమీ లేదు, కోవిదారం భరతుడి ధ్వజం మీది చెట్టు. కాని ఆ తల్లిదండ్రులను దేవకాంచనం చూపించమంటే చూపించలేరు, రెండూ ఒకటేనని తెలియదు. బిడ్డ ఐదేళ్లకు "నా చెట్టు ఏది?" అని అడిగితే వేలు పెట్టి చూపించగలగాలి. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీలో బిష్ణోయీ మతస్థులు 363 మంది ప్రాణాలిచ్చింది వాళ్ల వాకిలి ముందరి ఖేజ్డీ చెట్ల కోసం. అదే మన జమ్మి. తెలంగాణ రాష్ట్ర వృక్షం.

ఇప్పుడు నా పూరణ పెడతాను. ఈ సమస్య నాకు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి.

ఇల్లు కట్టినప్పుడు గేటు పక్కన రేల చెట్టుండేది. దాన్ని చూసే స్థలం కొన్నాను. గోడ మీద నల్లరాతి ఫలకంపై 'రేల' అని చెక్కించాను. ఆరేళ్ల కిందట కారు కొన్నాం. గేటు వెడల్పు చేయాలన్నారు. ఒక్క పూటలో కొట్టించి, మొదలు మీద సిమెంటు పోయించాను. కోడలు ఈ ఇంటికి వచ్చింది ఆ తరువాతే. పేరు గురించి ఇంట్లో వాదన జరిగిన రోజు సాయంత్రం, బాబును ఎత్తుకుని గేటు దగ్గర నిలబడి అడిగింది: "మామయ్యా, గోడ మీద పేరుంది. చెట్టేది?"

ఇంటి నుదుట "రేలయి"ల్లని వ్రాయించి
కారు నిలుపఁ దాత గడప ముందు
పసిఁడిపూలు రాలు పాటిఁ గానక యయ్యొ
చెట్టు పేరు పెట్టి చెట్టుఁ గొట్టె

వెన్నెలవాన

మూడో పాదంలో 'అయ్యొ' గణపూరణకు వచ్చిన మాటలా ఉంది. 'పాటి నెఱుంగక' అంటే గణం సరిపోతుంది, పద్యం బిగుస్తుంది.

నిర్వాహకుడు

సరిపోతుంది, బిగుస్తుంది కూడా. అయినా ఆ మాట ఉండనివ్వండి. పద్యం మొదట ఆ మాటతోనే పుట్టింది.

కొండమల్లె

బాబు పేరు ఖాయమైందా అండీ?

నిర్వాహకుడు

ఇరవై ఒకటో రోజున బారసాల. బియ్యంలో ఉంగరంతో 'రేల' అని రాయాలని ఇంట్లో ఒప్పుకున్నారు. మా వదినగారు ఇంకా మౌనంగానే ఉన్నారు.

గడ్డివాము

మా గట్టు మీద రేల ఉంది. ఎండిన కాయలు నాలుగు పంపుతాను, ఒక్కొక్కటి మూరెడు ఉంటాయి. పగలగొడితే లోపల అరలు అరలుగా, అరకొక గింజ, చుట్టూ నల్లని జిగురు. కడిగి ఆరబెట్టండి. గింజ పెంకు గట్టిది, అలాగే పాతితే నెలల తరబడి మొలవదు. గరుకు రాతి మీద అంచు కొద్దిగా అరగదీసి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి అప్పుడు పెట్టండి. సిమెంటు మాత్రం ముందే తవ్వించండి.

నిర్వాహకుడు

తవ్వించడం ఈ ఉదయమే మొదలైంది. కాయల కోసం ఎదురుచూస్తుంటాను.

వచ్చే వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదమే:

*విత్తు లేని చోట వేరు మొలిచె*