జర్మనీ వింటర్ సెమిస్టర్: ఏపీఎస్ ముందా, అడ్మిషన్ ముందా? పొలం పెట్టి లోన్ వస్తదా?

ప్రశ్న: మిర్యాలగూడ మెకానికల్

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. జేఎన్‌టీయూహెచ్ కింద ఉన్న కాలేజీల మెకానికల్ బీటెక్ అయిపోయింది, ఆర్18 రెగ్యులేషన్ (2018 సిలబస్ రూల్స్), సీజీపీఏ 7.4. మూడు బ్యాక్‌లాగ్‌లుండె, అన్నీ క్లియర్. ఐఈఎల్‌టీఎస్ 6.5. వచ్చే అక్టోబర్ సెమిస్టర్‌కు జర్మనీ పబ్లిక్ యూనివర్సిటీలల్ల మాస్టర్స్‌కు పెడదామని చూస్తున్న.

కన్సల్టెన్సీ వాళ్లు "ముందు అడ్మిషన్ తెచ్చుకుందాం, ఏపీఎస్ వీసా టైముకు చూద్దాం" అంటున్నరు. ఏపీఎస్ అంటే మన డిగ్రీ కాగితాలు అసలువేనని జర్మన్ ఎంబసీ దిక్కు ఇచ్చే సర్టిఫికెట్. నిజమేనా? 7.4 అంటే జర్మన్ లెక్కల 2.5 దాటిపోతది (అక్కడ అంకె ఎంత తక్కువుంటే అంత మంచిది, చాలా కోర్సులకు 2.5 హద్దు), దండగ అని ఇంకొకాయన అన్నడు. బ్లాక్డ్ అకౌంట్‌కు (వీసా కోసం ఏడాది ఖర్చు ముందే జమచేసే ఖాతా) దగ్గరదగ్గర 12 లక్షలు కావాలె. నాన్న పేరు మీద ఎడమ కాల్వ కింద నాలుగెకరాలుంది, పాస్‌బుక్కు ఉంది. దాని మీద ఎడ్యుకేషన్ లోన్ ఇస్తరా? మేం బీసీలం, రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి స్కాలర్‌షిప్ 20 లక్షలు వస్తది గదా, అదే చూపిస్తే నడుస్తదా?

జవాబు 1: కాగితాల కట్ట

తమ్ముడూ, కన్సల్టెన్సీ వాళ్లు తలకిందులుగ చెప్పిన్రు. 2022 నవంబర్ 1 నుంచి ఇండియాల చదివినోళ్లకు స్టూడెంట్ వీసా ఫైల్‌ల ఏపీఎస్ సర్టిఫికెట్ ఉండాల్సిందే. వీసాకే గదా అని ఆగితే ఇంకా ముందే ఇరుక్కుంటవు. యూనీ-అసిస్ట్ (ఫారిన్ పిల్లల అప్లికేషన్లు చూసే ఉమ్మడి సంస్థ) ద్వారా అప్లికేషన్లు తీసుకునే యూనివర్సిటీలు అప్లికేషన్ దగ్గర్నే ఏపీఎస్ అడుగుతయి. ఫీజు 18,000 రూపాయలు. ఒకసారి వచ్చిందంటే దానికి గడువు లేదు, వచ్చే ఏడాదికీ పనికొస్తది. అందుకే ఐఈఎల్‌టీఎస్ కంటే ముందే పెట్టుకోవాల్సిన కాగితం అది.

ఏపీఎస్ ఆలస్యమైతే ఎక్కువసార్లు కారణం మన దిక్కే ఉంటది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బాకీ ఉన్నదని కాలేజీల పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో) ఆపి పెడ్తరు. ఈ రెండూ చేతిల పడ్డాకనే మిగతాది కదులుతది. సీఎంఎం ఒక్కటి చాలదు, ఎనిమిది సెమిస్టర్ల మెమోలూ కావాలె. బ్యాక్‌లాగ్ రాసినప్పటి సప్లిమెంటరీ మెమోలు కూడ కలిపే స్కాన్ చెయ్యి. ఫెయిలైన మెమో దాచిపెడితే మంచిగుంటదనుకుంటరు గని, సెమిస్టర్‌కూ సీఎంఎంకూ మార్కులు కలవకపోతే అనుమానం అక్కడ్నే మొదలైతది. జిరాక్సులు వద్దు. ఒరిజినల్‌నే కలర్ల, వెనకాల ఏమన్న ముద్రుంటే ఆ పక్కా కూడ స్కాన్ కొట్టాలె.

2.5 సంగతి. బవేరియన్ ఫార్ములా ఇట్లుంటది: అత్యధిక మార్కుల నుంచి నీ మార్కులు తియ్యి. దాన్ని, అత్యధికానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతోటి భాగించు. మూడుతోటి గుణించి ఒకటి కలుపు. ఆర్18ల పాస్ గ్రేడ్ పాయింట్ 5. అంటే 10లకెళ్లి 7.4 పోతే 2.6, దాన్ని 5తోటి భాగిస్తే 0.52, మూడింతలు 1.56, ఒకటి కలిపితే 2.56. చాలాచోట్ల ఒక్క దశాంశం వరకే తీసుకుంటరు, రౌండ్ చెయ్యరు, కాబట్టి అది 2.5 అయితది. అన్ని కోర్సులూ ఒక్కతీరుగ లెక్కెయ్యవు గనుక నచ్చిన నాలుగు కోర్సుల అడ్మిషన్ ఆఫీసులకు రెండు లైన్ల మెయిల్ పెట్టు. ఒక పొరపాటు మాత్రం చెయ్యకు. కొందరు పాస్ మార్కు 4 అనుకొని లెక్కేసి 2.3 వచ్చిందని మురుస్తరు. నీ రెగ్యులేషన్ కాగితంల ఏమున్నదో అదే చెల్లుతది.

గ్రేడ్ కంటే ఎక్కువమంది పడిపోయేది సబ్జెక్ట్ క్రెడిట్ల దగ్గర. ఆర్18ల మొత్తం 160 క్రెడిట్లు, నాలుగేండ్ల డిగ్రీని అక్కడ మామూలుగ 240 ఈసీటీఎస్ (యూరప్ క్రెడిట్లు) కింద లెక్కేస్తరు. మొత్తం సరిపోతది, కని మ్యాథ్స్ ఇన్ని, మెకానిక్స్ ఇన్ని, థర్మో ఇన్ని అని కోర్సు పేజీల విడిగ రాసుంటది. జేఎన్‌టీయూహెచ్ సిలబస్ పుస్తకం డౌన్‌లోడ్ చేసి, ఒక్కో సబ్జెక్టుకు యూనిట్లు, గంటలు, క్రెడిట్లు ఉన్న పేజీలు విడదీసి పెట్టుకో. మాడ్యూల్ డిస్క్రిప్షన్ అని అడిగేది దాన్నే. అనాబిన్‌ల (ఏ ఫారిన్ యూనివర్సిటీకి గుర్తింపున్నదో చూపే జర్మనీ వెబ్‌సైట్) చూసేటప్పుడు కాలేజీ పేరు వెతకకు, దొరకదు. డిగ్రీ ఇచ్చేది జేఎన్‌టీయూహెచ్, ఆ పేరుకే హెచ్ ప్లస్, అంటే గుర్తింపు, ఉన్నదా అని చూడాలె.

యూనీ-అసిస్ట్‌ల మొదటి అప్లికేషన్‌కు 75 యూరోలు, అదే సెమిస్టర్ల తర్వాతి ఒక్కోదానికి 30. ఎనిమిదింటికి పెడితే 285. చాలాచోట్ల గడువు జులై 15, ఫారినోళ్లకు ఇంకా ముందే ముగిసే కోర్సులు బోలెడు. కొన్ని యూనివర్సిటీలు వీపీడీ (మన మార్కులు ముందే పరిశీలించి ఇచ్చే కాగితం) అడుగుతయి. అది యూనీ-అసిస్ట్ నుంచి తెచ్చుకొని యూనివర్సిటీ పోర్టల్‌ల మనమే ఎక్కించాలె, వచ్చేందుకు వారాలు పడుతది. జులైల ఫైల్ తెరిస్తే ఆ ఏడాది పోయినట్టే. ఏప్రిల్‌ల పెట్టు.

పబ్లిక్ అంటే అంతా ఫ్రీ అనుకోవద్దు. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంల మనలాంటోళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీల మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000. మెకానికల్ పిల్లలు ముందుగాల పెట్టేవి ఇవే.

జవాబు 2: పాలమూరు లెక్కలు

డబ్బు ముచ్చట నేను చెప్తా.

బ్లాక్డ్ అకౌంట్‌ల 11,904 యూరోలు, నెలకు 992 చొప్పున. యూరో వంద రూపాయల లెక్కన 11.9 లక్షలు. లోన్ శాంక్షన్ లెటర్ చూపిస్తే చాలదు, పైసలు ఆ అకౌంట్లకు పోయినట్టు కన్ఫర్మేషన్ కావాలె.

పొలం సంగతి ఉన్నదున్నట్టు చెప్తా, నడవదు. తాకట్టు ఆస్తిని బ్యాంకు కోర్టుకు పోకుంట అమ్ముకునే సర్ఫేసీ చట్టం సెక్షన్ 31 ప్రకారం వ్యవసాయ భూమి ఆ చట్టం కిందకి రాదు, రేపు లోన్ కట్టకపోతే దాన్ని వేలం వేసుకునే సులువు దారి బ్యాంకుకు లేదు. అందుకే పంటకు అదే పాస్‌బుక్కు మీద లోన్ ఇచ్చే మేనేజర్ చదువుకు అడిగితే తల అడ్డం ఊపుతడు. ఆయన మీద కోపం పెట్టుకొని లాభం లేదు. 4 లక్షల వరకు తాకట్టు అడగరు, 7.5 లక్షల వరకు కొన్ని బ్యాంకులు ఇంకొకరి పూచీకత్తు అడుగుతయి. ఆ పైన ఆస్తి పెట్టాలె. 7.5తోటి బ్లాక్డ్ అకౌంట్ నిండదు. ఫారిన్ చదువుకు ఖర్చుల 15 శాతం మనమే పెట్టుకోవాలె, అది మార్జిన్.

విద్యానిధిని నమ్ముకొని వీసా ప్లాన్ వేసుకోకు. ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు, వయసు 35 లోపు ఉంటే ఈపాస్‌ల (తెలంగాణ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్) తప్పకుంట పెట్టు, జర్మనీ లిస్టుల ఉన్నది. కని ఆ 20 లక్షలు రెండు విడతలుగ వస్తయి. మొదటిది అక్కడ దిగినంక, రెండోది మొదటి సెమిస్టర్ రిజల్ట్స్ చూపినంక. వీసాకు ముందే నిండాల్సిన అకౌంట్‌కు అది అందదు. లోన్ తీర్చేందుకు పనికొస్తది.

పంపేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, పర్పస్ కోడ్, అంటే పైసలు ఎందుకు పంపుతున్నమో చెప్పే నంబర్. విదేశాల అకౌంట్ తెరుస్తున్నం అని క్లర్క్ ఎస్0023 కొడితే అది చదువు లెక్కల పడదు, టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) ఎక్కువ పట్టుకుంటరు. చదువు కింద ఎస్0305 రాయమని అడ్మిషన్ లెటర్ ముందు పెట్టు. సొంత పైసలైతే ఏడాదిల 10 లక్షలు దాటిన భాగానికే టీసీఎస్. బ్యాంకు లోన్‌తోటి పంపితే అసలే లేదు. పట్టుకున్నది నాన్న పాన్ మీద కనబడుతది, వ్యవసాయ ఆదాయమే ఉన్నా రిటర్న్ వేస్తేనే వెనక్కి వస్తది.

రెండోది, దారిల కోతలు. మధ్యల బ్యాంకులు 20, 30 యూరోలు కోసుకుంటే లెక్క తక్కువైతది, కన్ఫర్మేషన్ ఆగుతది, మళ్ల పంపాలె. ఛార్జీలు పంపేవారివే అని ఫారంల టిక్ పెట్టించి, 100 యూరోలు ఎక్కువ పంపు. రిఫరెన్స్ నంబర్ ఒక్క అంకె కూడ తప్పొద్దు.

మిర్యాలగూడ మెకానికల్

ధన్యవాదాలు అన్నా. ఇల్లు గ్రామకంఠంల ఉంది, ఇంటి నంబర్ తప్ప కాగితాలేమీ లేవు. మా మేనమామకు నల్లగొండల ప్లాటుంది, ఇస్తా అంటున్నడు. నడుస్తదా? బ్లాక్డ్ అకౌంట్ ఇప్పుడే నింపితే వీసా తొందరగ అయితదని కన్సల్టెన్సీ వాళ్లంటున్నరు.

పాలమూరు లెక్కలు

గ్రామకంఠం ఇంటికి లింక్ డాక్యుమెంట్లుండవు, లాయర్ ఒపీనియన్ దగ్గర్నే ఆగిపోతది. మేనమామ ప్లాటుకు చాలా బ్యాంకులు ఒప్పుకుంటయి, ఆయన గ్యారంటర్‌గ సంతకం పెట్టాలె. ప్లాటు డీటీసీపీ (టౌన్ ప్లానింగ్ శాఖ) ఒప్పుకున్న లేఅవుట్‌ల ఉన్నదా, లేకుంటే ఎల్‌ఆర్‌ఎస్ కట్టిన్రా అని ముందు చూడు. బ్యాంకుల ఎల్‌ఆర్‌ఎస్ అన్న మాట రెండుసార్లు వినబడుతది. ప్లాటు దగ్గర లేఅవుట్ రెగ్యులరైజేషన్, పైసలు పంపేటప్పుడు లిబరలైజ్డ్ రెమిటెన్స్. రెండూ ఒక్కటనుకొని ఒకదాని రసీదు ఇంకోదానికి ఇచ్చేటోళ్లున్నరు.

అకౌంట్ ఇప్పుడే తెరిచి పెట్టుకో, పైసలు మాత్రం అడ్మిషన్ వచ్చినంకనే.

జవాబు 3: బెర్లిన్ బదులు

ఆ చివరి మాటతో సగమే ఏకీభవిస్తాను. అడ్మిషన్ ఆగస్టులో వస్తే అప్పటికప్పుడు లోన్ విడుదల చేయించడానికే రెండు మూడు వారాలు పోతాయి. శాంక్షన్ మాత్రం జూన్‌లోగా చేయించి పెట్టుకోండి. అప్పుడు పైసలు పంపడం రెండు రోజుల పని.

పేరు ఒకసారి చూసుకోండి. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఏపీఎస్ నుంచి వీసా దాకా ప్రతిచోటా వివరణ ఇచ్చుకోవాలి. తేడా ఉంటే పాస్‌పోర్టు ఆఫీసులో అడిగి, మార్చాల్సి వస్తే ముందు రీ-ఇష్యూ చేయించి, ఆ తర్వాతే ఏపీఎస్ కట్టండి. పాత నంబర్‌తో ఏపీఎస్ చేసి, తర్వాత పాస్‌పోర్టు మార్చుకుంటే రెండు పాస్‌పోర్టులూ మోసుకు తిరగాల్సి వస్తుంది.

వీసా దరఖాస్తు ఇప్పుడు కాన్సులర్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా నింపాలి. ఫీజు 75 యూరోలకు సరిపడా రూపాయలు. తిరస్కరిస్తే ఉచితంగా అప్పీలు చేసుకునే పద్ధతి 2025 జులై 1 నుంచి తీసేశారు, మళ్లీ కొత్తగా పెట్టాలి లేదా కోర్టుకు వెళ్లాలి. కాబట్టి మోటివేషన్ లెటర్ కన్సల్టెన్సీ వాళ్ల టెంప్లేట్ కాకూడదు. బీటెక్ ప్రాజెక్టుకూ ఎంచుకున్న కోర్సుకూ సంబంధం మీ మాటల్లో రాయండి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. ఆ 992 యూరోలు దిగిన రోజే చేతికి రావు. గది దొరకాలి, ఇంటి యజమాని సంతకం పెట్టిన కాగితంతో రెండు వారాల్లో అన్‌మెల్డుంగ్ (చిరునామా నమోదు) చేయించాలి, అక్కడ మామూలు బ్యాంకు ఖాతా తెరవాలి. ఆ తర్వాతే మొదటి నెల డబ్బు. ఈలోపు గది అడ్వాన్సు మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు. ఫారెక్స్ కార్డులో కనీసం 1,500 నుంచి 2,000 యూరోలు విడిగా ఉంచుకోండి, లోన్ అడిగేటప్పుడే ఆ మొత్తాన్ని ఖర్చుల పట్టికలో రాయండి. పార్ట్‌టైమ్ ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు చేయొచ్చు, కానీ మొదటి మూడు నెలల ఖర్చు దాని మీద పెట్టుకోవద్దు.

మిర్యాలగూడ మెకానికల్

సరే అక్కా. పాస్‌పోర్టుల ఇంటిపేరు పూర్తిగ ఉంది, మెమోల ఒక్క అక్షరమే. సోమవారం పాస్‌పోర్టు ఆఫీసుల అడుగుత, పీసీ కోసం కాలేజీకి కూడ అదే రోజు పోత.