అరవై దాటాక పిల్లల కథలు రాయడం: సలహా కావాలి

ప్రశ్న (కాలువగట్టు, బొబ్బర్లంక దగ్గర):
అందరికీ నమస్కారం. నాకు అరవై ఒకటో ఏడు నడుస్తోంది. మొదట అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో గుమాస్తాగా ఆరేళ్లు పద్దులు రాశాను. తరువాత నీటిపారుదల శాఖలో లస్కరుగా చేరి, లాకుల తలుపులు ఎత్తుతూ దించుతూ, వరద రోజుల్లో గట్టుకు గండి పడకుండా లాంతరు పట్టుకుని తిరుగుతూ, చివరకు వర్క్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశాను. ఇరవై రెండేళ్ల వయసులో ఒక పిల్లల పత్రికకు మూడు కథలు పంపితే మూడూ తిరుగుటపాలో వచ్చాయి. మూడోదానికి నేను గుచ్చిన గుండుసూది గుచ్చినట్టే ఉంది. అంటే ఎవరూ రెండో పేజీ తిప్పలేదన్నమాట. ఆ తరువాత రాయలేదు.

ఇప్పుడు మనవరాలికి చెబుతున్న ఒక కథను కాగితం మీద పెట్టాను. దాని మొదలు ఇది: "పూర్వం విక్రమపురి రాజ్యంలో నదీతీరాన సోమరియైన కప్ప ఒకటి ఉండేది. సోమరితనం ఎంత చేటో ఆ కప్పకు తెలియదు." ఈ వయసులో ఎవరైనా చూస్తారా? బొమ్మలు నేనే వేయించి పంపాలా?

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం):
వయసు సంగతి వదిలేయండి. మన దంగేరులో 1891లో పుట్టిన చింతా దీక్షితులు గారు విద్యాశాఖలో ఉద్యోగం చేసుకుంటూనే పిల్లలకు రాశారు. ఇంగ్లండులో పిల్లల కథల రచయిత్రి బీట్రిక్స్ పాటర్ మొదట పుట్టగొడుగుల మీద పరిశోధన చేసింది. 1897లో ఆమె వ్యాసాన్ని లండన్ లిన్నీయన్ సొసైటీ అనే శాస్త్ర సంఘంలో ఆమె బదులు మరొకరు సమర్పించవలసి వచ్చింది. ప్రచురణకర్తలు తిప్పి పంపిన పిల్లల కథను 1901 డిసెంబరులో సొంత ఖర్చుతో 250 ప్రతులు వేయించుకుంటే, అంతకుముందు వద్దన్నవారిలో ఒకరే మరుసటి ఏడాది రంగుల బొమ్మలతో ప్రచురించారు.

జవాబు (చిన్న ప్రచురణ సంస్థలో సంపాదకురాలు, రాజమహేంద్రవరం):
ధైర్యం మాస్టారు చెప్పారు కనుక నేను కథ గురించే మాట్లాడతాను, కొంచెం కటువుగా అనిపిస్తే క్షమించండి. మీరు ఇన్నేళ్లు లాకుల దగ్గర బతికారు కదా, మరి మీ కప్ప విక్రమపురిలో ఎందుకుంది? వేసవిలో నీళ్లు ఆపి కాలువలు కట్టేసినప్పుడు లాకు తలుపుల అడుగున మిగిలే మడుగు, అందులో చేపలు పట్టడానికి గోచీలు బిగించి దిగే పిల్లలు, బురద ఎండి పెంకులుగా లేవడం, ఇవన్నీ మీరు చూసినంత దగ్గరగా మా దగ్గరకు వచ్చే రచయితలలో ఎవరూ చూసి ఉండరు. ఇలా మొదలుపెట్టి చూడండి: "కాలువ కట్టేశారు. లాకు తలుపు కింద చారెడు నీళ్లు మిగిలాయి. ఆ నీళ్లలో ఒక కప్ప." కప్ప సోమరి అని మీరు చెప్పకండి, ఆ నీళ్లు జానెడు తగ్గినా అది కదలకపోతే పిల్లలే అంటారు.

బొమ్మలు వేయించి పంపనక్కరలేదు. చాలాచోట్ల చిత్రకారుణ్ణి ప్రచురణకర్తే చూసుకుంటాడు. అచ్చుకాగితం మడతల లెక్కకు సరిపోయేలా బొమ్మల పుస్తకాలు తరచుగా పదహారు, ఇరవై నాలుగు, ముప్పై రెండు పేజీలుగా వస్తాయి కనుక, ఒక తెల్లకాగితాన్ని పదహారు గళ్లు చేసి గడికి ఒక్క సంగతి రాసుకోండి. ఏ గడిలో కొత్తగా వేయదగిన బొమ్మ లేదో, అక్కడ కథ ఆగిందని అర్థం.

జవాబు (ముక్తేశ్వరం పంటు రేవు నుంచి):
డబ్బు అడిగే ప్రచురణకర్తల దగ్గర జాగ్రత్త. నేను నలభై వేలు కట్టి వేయించుకున్న పుస్తకాల కట్టలు ఇంకా అటక మీదే ఉన్నాయి. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథను ఉచితంగా, అక్కడున్న బొమ్మలతోనే పెట్టవచ్చు. అయితే దాన్ని ఇతరులు మార్చుకోవడానికీ వాడుకోవడానికీ మీరు అనుమతి ఇచ్చినట్టే. పత్రికలు అముద్రితమని హామీపత్రం అడుగుతాయి కనుక, ముందు పత్రికకు పంపి, తరువాతే అటు వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి మనవరాలికి సంపాదకురాలు గారు చెప్పిన మొదలు చదివాను. "మరి నీళ్లు ఎప్పుడు వదులుతారు, తాతయ్యా?" అని మూడుసార్లు అడిగింది. విక్రమపురిని కొట్టేశాను. సోమరితనం వాక్యం కొట్టేయడానికి మాత్రం ఇంకా చేయి రావడం లేదు.